గూఢలిపి చదివిన గణితాచార్యుడు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



మన పల్లెలలో పిల్లలు 'క' భాష మాటలాడుకొనుట అందఱెఱిగినదే. ప్రతి యక్షరమునకు ముందు ఒక 'క' చేర్చి, పెద్దల యెదుటనే మామిడితోటపై దండయాత్రకు మంతనము సాగింతురు. రెండు దినములు చెవియొగ్గి వినిన నాయనమ్మకు ఆ కీలకము పట్టుపడును. పట్టుపడిన సంగతి పైకి తెలియనీయక, ఆమె పత్తి యేకుకొనుచు అంతయు వినుచుండును. రాజ్యములు ఆడిన ఆట కూడ ఇట్టిదే. పందెము మాత్రము మామిడికాయలు గాక మనుష్యుల తలలు.

ఈ విద్య మన దేశమునకు క్రొత్తది కాదు. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున చారులు వార్తలను సంజ్ఞాలిపితో పంపవలెనని విధించినాడు. వాత్స్యాయనుడు చెప్పిన అఱువదినాలుగు కళలలో మ్లేచ్ఛితవికల్ప మనునది ఒకటి. అది మాటలను మార్చి గూఢముగ పలుకు నేర్పు. విశాఖదత్తుని ముద్రారాక్షస నాటకమంతయు ఒక ముద్దుటుంగరము, ఒక దొంగలేఖ చుట్టు తిరుగును. అయినను నేటి ప్రసంగమునకు విషయము ఇంగ్లండు దేశమున పదునేడవ శతాబ్దిలో జరిగిన అంతర్యుద్ధము, ఆ యుద్ధమున శత్రువుల లేఖలు చదివిన ఒక మతాచార్యుడు, అతనిని పాత్రగా జేసి మన కాలమున వెలువడిన ఒక నవల.

ఆ నవల పేరు 'యాన్ ఇన్‌స్టెన్స్ ఆఫ్ ది ఫింగర్‌పోస్ట్'. కర్త ఇయన్ పియర్స్ అను ఆంగ్లేయుడు. 1997లో ప్రకటితమైనది. నాలుగు త్రోవలు కలియుచోట దారిచూపు కొయ్యస్తంభమునకు చేతివ్రేలి గుర్తు పెట్టుట ఆ దేశమున ఆచారము. దానినే ఫింగర్‌పోస్ట్ అందురు. ఫ్రాన్సిస్ బేకన్ అను తత్త్వవేత్త 1620లో ప్రకటించిన 'నోవమ్ ఆర్గానమ్' అను గ్రంథమున, రెండు ఊహలలో ఏది సత్యమో తేల్చునట్టి నిదర్శనమును కూడలి గుర్తుతో పోల్చినాడు. నవలకు ఆ పేరు అక్కడినుండి వచ్చినది. అపరాధ పరిశోధక నవలలు చదువుటకు అలవాటుపడిన పాఠకులు, అనగా కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధరుని వెంట రాత్రి దీపము ఆర్పక తిరిగినవారు, ఇందులోను ఒక హత్య, ఒక నిందితురాలు ఉండుట చూచి సంతోషింతురు. కాని ఈ కథ వారిని అంత సులభముగ గమ్యము చేర్పదు.

కథకు ముందు చరిత్ర కొంత తెలిసియుండవలెను. మొదటి చార్లెస్ రాజు 1629 మొదలు పదునొకండేండ్లు పార్లమెంటును పిలువక, తనకు తోచిన పన్నులు వేయుచు రాజ్యమేలెను. మతవిషయములందును ప్రజలలో అసంతృప్తి ప్రబలెను. 1642 ఆగస్టులో అతడు నాటింగ్‌హామ్ పట్టణమున యుద్ధపతాకము నెత్తెను. లండను నగరము పార్లమెంటు పక్షమున నిలిచెను. రాజు విద్యానగరమైన ఆక్స్‌ఫర్డును తన రాజధానిగా చేసికొనెను. ఇది పరదేశీయులతో జరిగిన యుద్ధము కాదు. అదే యేడు ఎడ్జ్‌హిల్ వద్ద జరిగిన సంగ్రామమున రాజపతాకమును పట్టుకొని ప్రాణము విడిచిన సర్ ఎడ్మండ్ వెర్నీ యొక్క పెద్దకుమారుడు పార్లమెంటు పక్షమువాడు. ఒకే యింట తండ్రి ఇటు, కొడుకు అటు.

పరరాజుతో పోరు సంభవించినపుడు భాషయే ఒక కోటగోడ. అంతర్యుద్ధమున ఆ గోడ లేదు. శత్రువు మన మాటయే మాటలాడును, మన నుడికారమే వాడును. దారిలో చిక్కిన జాబును ఏ సిపాయి యైనను చదువగలడు. కావుననే ఇరుపక్షములవారును అంకెలతోను, విచిత్రమైన గీతలతోను వ్రాయసాగిరి.

1642 సంవత్సరాంతమున చిచెస్టర్ పట్టణము పార్లమెంటు సేనాని సర్ విలియమ్ వాలర్ వశమయ్యెను. ఆ సందర్భమున ఒక గూఢలేఖ చిక్కినది. లండనులో లేడీ వేర్ అను కులీన వితంతువు గృహమున ఒకనాటి రాత్రి భోజనవేళ, వాలర్ దగ్గరి మతాచార్యుడు ఆ కాగితమును వేడుకకై బయటికి తీసి, ఆ యింటి మతాచార్యునకు చూపి, దీనిని చదువగలరా యని అడిగెను. ఆ యింటి మతాచార్యుని పేరు జాన్ వాలిస్. వయస్సు ఇరువదియాఱేండ్లు. కెంట్ మండలమందలి ఆష్‌ఫర్డ్ గ్రామమున మతాచార్యుని కుమారుడై పుట్టి, కేంబ్రిడ్జిలో చదువుకొన్నవాడు. అంతకుముందు గూఢలిపి యనునది అతడు కన్నవాడు కాడు. అక్షరములకు మాఱుగా వేఱు గుర్తులు పెట్టుట మాత్రమే అయినచో చదువవచ్చునేమో యని చెప్పి, కాగితమును తన గదికి తీసికొనిపోయెను. పడుకొనబోవులోపలనే, సుమారు రెండు గంటలలో, లేఖ యంతయు తేటపడెను. మఱునాటి యుదయమున దాని ప్రతిని వ్రాసి యిచ్చెను.

ఇది ఇంద్రజాలము కాదు. ఏ తెలుగు పుస్తకమునుండియైనను ఒక పుట తీసి అక్షరములను లెక్కించి చూడుడు. 'న', 'ల', 'ర' వంటివి అడుగడుగున తగులును; 'ఝ' కొఱకు పుటలు త్రిప్పవలెను; 'ఙ' అసలు దొరకకపోవచ్చును. 'కు', 'లో', 'ను' అను ప్రత్యయములు మాటల చివర వరుసగా కూర్చుండును. ఆంగ్లమున 'ఈ' అను అక్షరము అన్నింటికంటె తఱచుగా వచ్చును. ఒంటరి యక్షరముగ నిలుచు మాటలు రెండో మూడో కలవు. మూడక్షరముల మాటలలో 'ది' యనునది పదే పదే వచ్చును. గుర్తులు ఎంత వింతవైనను, ఎక్కువసారులు వచ్చిన గుర్తు ఎక్కువసారులు వచ్చు అక్షరమే కావలెను. ఒకటి దొరికిన పిదప దాని ప్రక్కదానిని, దానినిబట్టి మఱియొకదానిని పట్టవచ్చును. పందిరిపై ఒక తీగను లాగినచో నాలుగు తీగెలు కదలినట్లు.

తరువాత వచ్చిన లేఖ అట్టిది కాదు. రాజుయొక్క కార్యదర్శియైన విండిబ్యాంక్ ఫ్రాన్సుకు పాఱిపోయి, అక్కడినుండి ఇంగ్లండులోని తన కుమారునకు వ్రాసిన జాబు వాలిస్ చేతికి వచ్చెను. అందులో గుర్తులు లేవు, అన్నియు అంకెలు. అవి ఏడువందలకు పైబడినవి. ఇట్టి లేఖలలో ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క అంకె యుండదు. తఱచుగా వచ్చు అక్షరమునకు మూడు నాలుగు అంకె లిత్తురు. అందుచే లెక్క తప్పును. రాజు, రాణి, సేన, ధనము వంటి మాటలకును, పురముల పేళ్లకును వేఱు వేఱు సంఖ్యలుండును. పైగా ఏ యర్థమును లేని వట్టి సంఖ్యలను నడుమ నడుమ చల్లుదురు, వడ్లలో తాలు కలిపినట్లు. వాలిస్ మొదట ఇది అసాధ్యమని తలంచెను. పిదప పట్టుదల వహించి మరల ఆరంభించి, సుమారు మూడు మాసములు శ్రమించి దానిని సాధించెను.

ఇక్కడ ఒక ముచ్చట. గూఢలేఖలు పట్టుపడుటకు శత్రువు తెలివి ఎంత కారణమో, వ్రాయువాని బద్ధకము అంత కారణము. ఒక అక్షరమునకు నాలుగంకెలు ఇచ్చినను, వ్రాయసగాడు తనకు కంఠస్థమైన ఒక్కదానినే వాడుచుండును. కొందఱు సగము వాక్యమును మామూలు అక్షరములతో వ్రాసి, గుట్టైన మాటలు మాత్రము అంకెలతో వ్రాసెడివారు. 'రేపు ఉదయమున మన సేన 412 పురము చేరును' అని వ్రాసినచో, చుట్టుపట్ల పురములెన్నో తెలిసినవానికి 412 ఏదో ఊహించుట కష్టమా? తాళము వేసి తాళపుచెవిని గుమ్మమునకే వ్రేలాడదీసినట్టిది.

1645 జూన్ 14వ తేదీన నేజ్‌బీ యుద్ధమున రాజసైన్యము చెదరిపోయెను. సామానుల బండ్లలో రాజు స్వంత లేఖల పెట్టె పార్లమెంటువారికి చిక్కినది. అందులో రాజు తన రాణి హెన్రియెట్టా మేరియాకు వ్రాసిన జాబులున్నవి. విదేశములనుండి సహాయము కోరుట, ప్రజలకు చెప్పినదొకటి రాణితో చెప్పినది వేఱొకటి యగుట, అన్నియు వానిలో బయటపడెను. జూలైలో పార్లమెంటు వానిని 'రాజు పెట్టె తెఱువబడినది' అను అర్థము వచ్చు పేరుతో అచ్చొత్తించెను. దొంగవ్రాత యని ఎవరును అనకుండ, అసలు జాబులను ప్రజలు చూచుటకు బయట పెట్టిరి. రాజు ప్రతిష్ఠకు ఆ పుస్తకము చేసిన హాని యుద్ధములో ఓటమికంటె తక్కువది కాదు. మహారాజైనను ఆలికి వ్రాసిన ఉత్తరమును వీధిలో చదువవచ్చునా యని నాడే కొందఱు ప్రశ్నించిరి. పూర్వము ఎథెన్సు పౌరులు తమ శత్రువైన ఫిలిప్పు రాజు భార్యకు వ్రాసిన జాబు చిక్కగా, విప్పక ముద్రతోనే ఆమెకు పంపిరని ప్లూటార్కు చెప్పినాడు. ప్రజల ప్రాణములు పణముగ నున్నపుడు అట్టి మర్యాద సాధ్యమా యనునది వేఱు ప్రశ్న. పార్లమెంటువారు సాధ్యము కాదనిరి. వారి వాదమున బలము లేకపోలేదు.

వాలిస్ పేరు ఆ పెట్టెతో ముడివడినది. రాజు లేఖలను విప్పి చదివినవాడు ఇతడే యని తరువాత వదంతి పుట్టి, జీవితాంతము వెన్నాడెను. అతడు ముదిమిలో, 1685లో, ఒక బిషప్పునకు వ్రాసిన లేఖలో ఆ మాటను ఖండించెను. నేజ్‌బీలో దొరికిన కాగితములను అచ్చులో తప్ప తాను చూచియుండలేదని అతని వాదము. వేఱు లేఖలు అనేకము చదివిన మాట మాత్రము అతడెన్నడును కాదనలేదు.

ఓడిన రాజు 1647 నవంబరులో వైట్ ద్వీపమందలి కారిస్‌బ్రూక్ కోటకు చేరి, అక్కడ బందీ యయ్యెను. గూఢచారి నవలలు వ్రాయువారు ఆ కోటలోని సంగతులను కల్పింపనక్కఱ లేదు. చాకలి పని చేయు స్త్రీలచేత జాబులు లోనికి బయటికి పోయెడివి. జేన్ హోర్‌వుడ్ అను ఎఱ్ఱజుట్టు వనిత రాజునకు ధనము, వార్తలు చేరవేయుటయేగాక, కిటికీ ఇనుపకడ్డీలను తినివేయు ఆమ్లమును సమకూర్చెను. ఆ కుట్రలు అంకెల జాబులలో నేటికిని నిలిచియున్నవి. 1648 మార్చిలో రాజు కిటికీగుండ తప్పించుకొన బోయి, కడ్డీల నడుమ చిక్కుకొనెను. తల దూఱిన చోట దేహము దూఱునని అతడు లెక్కవేసినాడట. గూఢలిపిలో తప్పులేదు, కొలతలో తప్పు జరిగినది.

1649 జనవరి 30వ తేదీన రాజునకు శిరశ్ఛేదము జరిగెను. గమనింపదగినది యేమనగా, రాజును చంపరాదని లండను మతాచార్యులు కొందఱు చేసిన నిరసనపత్రముపై వాలిస్ సంతకము చేసెను. రాజపక్షము లేఖలు చదివి శత్రువులకు ఇచ్చినవాడు, రాజు తలపై కత్తి పడరాదని కోరినాడు. ఇందులో కపటము చూచువారు కలరు. తన విద్య ఎంతవఱకు పోవునో తెలియక మొదలుపెట్టి, తెలిసిన పిదప భయపడిన మనుష్యుని చూచుట న్యాయమనిపించును. అదే యేడు పార్లమెంటువారు, రాజభక్తుడైన గణితాచార్యుని తొలగించి, ఆక్స్‌ఫర్డులో రేఖాగణిత పీఠమును వాలిస్‌కు ఇచ్చిరి. అది చేసిన సేవకు బహుమానమనుటలో సందేహము లేదు. అనర్హునకు ఇచ్చిన బహుమానము మాత్రము కాదు. 1655లో అనంతమునకు గుర్తుగా, పడుకొన్న ఎనిమిది అంకె వంటి చిహ్నమును మొదట వాడినవాడు అతడే. నేడు మన బడిపిల్లలు వ్రాయు గుర్తు అది. నిద్రపట్టని రాత్రులు చీకటిలో పడుకొని, కాగితము కలము లేకయే పెద్ద సంఖ్యలకు వర్గమూలము కట్టెడివాడు. ఒకసారి ఏబదిమూడు స్థానముల సంఖ్యకు అట్లే కట్టి, తరువాత దానిని నోటితో చెప్పి వ్రాయించెను. చిన్ననాడే చెవుడు వచ్చిన యువకునకు మాటలాడ నేర్పి 1662లో రాజసముఖమున మాటలాడించెను. మూగ అంకెలను పలికించిన ఓర్పే ఇక్కడను పనిచేసినది కాబోలు.

గ్రంథాలయ పాఠకులకు ప్రత్యేకముగ నచ్చు సంగతి ఒకటి కలదు. 1653లో వాలిస్ తాను చదివిన గూఢలేఖల ప్రతులను ఒక సంపుటిగా కూర్చి, ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయమున దాచెను. వేగులవాడు సాధారణముగ తన పనిని తగులబెట్టును. ఇతడు గ్రంథాలయాధికారికి అప్పగించెను. కీర్తికాంక్ష యని కొందఱనిరి, నిజమే కావచ్చును. కాని రాజవంశము మరల వచ్చుననియు, అపుడా పుస్తకము తన కంఠమునకు ఉచ్చు కాగలదనియు ఊహింపలేనంత అమాయకుడు కాడు. 1660లో రెండవ చార్లెస్ రాజై వచ్చినాడు. వాలిస్‌కు ఉరి పడలేదు. తన తండ్రి పక్షమువారి లేఖలు చదివినవానిని ఆ రాజు పీఠమునందు స్థిరపఱచి, తన ఆస్థాన మతాచార్యులలో ఒకనిగా నియమించెను. లేఖలు చదువగలవాని అవసరము ఏ రాజునకు లేదు?

ఇక నవల. కథాకాలము 1663, యుద్ధము ముగిసి పదునేండ్లు దాటినవి గాని, యుద్ధమునాటి పగలు మనుష్యుల లోపల చల్లాఱలేదు. ఆక్స్‌ఫర్డులో గ్రోవ్ అను ఉపాధ్యాయుడు విషప్రయోగముచే చనిపోవును. సారా బ్లండీ అను పేదపిల్ల, పనిమనిషి, నిందితురాలగును. ఈ యుదంతమును నలుగురు చెప్పుదురు. వెనీసునుండి వచ్చిన మార్కో ద కోలా మొదటివాడు. తన తండ్రిపై పడిన ద్రోహి యను మచ్చను తుడుపదలచిన జాక్ ప్రెస్కాట్ రెండవవాడు. మూడవవాడు మన వాలిస్. నాలుగవవాడు ఆంథొనీ వుడ్ అను చరిత్రకారుడు. వుడ్ కూడ నిజముగ జీవించిన వ్యక్తియే. మొదటి కథ చదివి ముగించినవాడు అంతయు తెలిసినదనుకొనును. రెండవది చదివినపుడు తాను మోసపోతినని గ్రహించును. మూడవదానితో ఆ గ్రహించినదియు తప్పని తోచును.

ప్రెస్కాట్ తండ్రి ఉదంతమునకు చరిత్రలో పోలిక కలదు. క్రామ్‌వెల్ కాలమున రాజభక్తులు 'సీల్డ్ నాట్', అనగా ముద్రవేసిన ముడి, అను రహస్యసంఘము నేర్పఱచిరి. అందులోని ముఖ్యుడైన సర్ రిచర్డ్ విల్లిస్, క్రామ్‌వెల్ వేగులనాయకుడగు జాన్ థర్లోకు వార్తలు చేరవేయుచుండెను. ఆ ద్రోహమును 1659లో బయటపెట్టినవాడు థర్లో కచ్చేరీలోనే పనిచేసిన శామ్యూల్ మోర్లండ్. ఎవరు ఎవరి మనిషియో తెలియని ఆ దినములలో, ద్రోహి యని ఒకనిపై ముద్రవేయుట ఎంత సులభమో, దానిని చెఱపుట అంత కష్టము. పియర్స్ ఆ కష్టమునే ఒక కొడుకు హృదయమున పెట్టినాడు.

నవలలోని వాలిస్ చలిగాలివంటివాడు. అతడు లేఖలను చదివినట్లే మనుష్యులను చదువుదునని నమ్మును. ఎదుటివాని ప్రతిమాటకు వెనుక మఱియొక అర్థముండవలెను. ప్రతి యాత్రికుడు హంతకుడు కావలెను. తాను ప్రేమించిన ఒక సేవకుని మరణము అతని తర్కమునకు పగ తోడుచేయును. అతడు కట్టిన వాదము ఎక్కడను బీటలు లేక నిలుచును, కాని దాని పునాది తప్పు. గూఢలిపిలో వట్టి సంఖ్యలుండునని యతనికి తెలియును. జీవితములోను ఏ రహస్యమును దాచని వట్టి మాటలు, వట్టి పనులు ఉండునని అతనికి తోచదు. ఆ తోచకపోవుటకు మూల్యము చెల్లించునది అతడు కాదు, దిక్కులేని ఆ పనిపిల్ల. ఇది చరిత్రలోని వాలిస్‌కు అన్యాయమనిపించవచ్చును. అతడు తగవులమారి యనుటకు నిదర్శనము లున్నవి. తత్త్వవేత్త హాబ్స్‌తో ఇరువదేండ్లకు పైగా గణితకలహము నడపినాడు. క్రూరుడనుటకు నిదర్శనము లేదు. నవలాకారుడు తీసికొన్న స్వేచ్ఛ ఇది. పాఠకుడు గుర్తుంచుకొని చదువవలెను.

అన్నింటికంటె సొగసైనది చివరి కథకుని ఎన్నిక. ఆంథొనీ వుడ్ బోడ్లియన్ గ్రంథాలయపు పాత కాగితముల మధ్య జీవితము గడపినవాడు. నేజ్‌బీ లేఖల నిందను వాలిస్‌పై మోపినవారిలో అతడొకడు. పియర్స్ తుదిమాటను ఆ నింద మోపినవాని నోటనే పెట్టినాడు. నిజజీవితమున ఈ వుడ్, మరణించిన ఒక మంత్రి లంచము గొన్నాడని తన గ్రంథమున వ్రాసి, 1693లో శిక్షింపబడి విశ్వవిద్యాలయమునుండి బహిష్కృతుడయ్యెను. ఆ గ్రంథపత్రములను తగులబెట్టిరి. ఇతరుల గుట్టు విప్పు పనిలో ఇద్దఱును సమానులే.

నవలకు దోషములు లేకపోలేదు. పుటలు దాదాపు ఏడువందలు. ఒకే సంఘటన నాలుగుసారులు వచ్చుటచే మూడవ భాగము నడుమ కొంత విసుగు పుట్టును. నాటి వైద్యులు ఒకరి రక్తము మఱియొకరికి ఎక్కించు ఘట్టము వంటివి చరిత్రకంటె కొన్నేండ్లు ముందు జరిగినట్లు వ్రాయబడినవి. తుదిభాగమున అద్భుతము కొంత ప్రవేశించును. అది కొందఱకు రుచింపదు. పాఠకులు మొదటి కథ ముగియగనే పుస్తకమును గ్రంథాలయమునకు తిరిగి ఇచ్చి వేయరాదు. ఇచ్చినవాడు కోలా అబద్ధమును ఇంటికి తీసికొనిపోయినవాడగును.

వాలిస్ చరిత్ర ఇంకను కొంత మిగిలినది. 1689లో విలియమ్ రాజు కాలమున, డెబ్బదిమూడేండ్ల ముదుసలి మరల గూఢలేఖలకు కూర్చుండెను. ఫ్రాన్సు రాజు పోలండులోని తన రాయబారికి వ్రాసిన అంకెల లేఖలను చదివి, ఆ రాజు పన్నిన పన్నుగడను భగ్నము చేసెను. కన్నులు చెడుచున్నవనియు, శ్రమకు తగిన ప్రతిఫలము ముట్టుట లేదనియు మంత్రికి మొఱపెట్టుకొనెను. జర్మను తత్త్వవేత్త లైబ్నిజ్, ఈ విద్య మీతోనే నశింపరాదు, కొందఱు యువకులకు నేర్పుడని పలుమాఱులు కోరెను. వాలిస్ ఒప్పుకొనలేదు. దీనికి సూత్రములు లేవు, ఓర్పు, సూక్ష్మబుద్ధి కావలెనని అతని సమాధానము. తన రాజు అనుమతి లేక దీనిని పరదేశము పంపరాదని మఱియొక సమాధానము. తుదకు తన దౌహిత్రుడైన విలియమ్ బ్లెంకోకు మాత్రము నేర్పెను. 1701లో ఏటికి నూఱు పౌనుల వేతనము మంజూరయ్యెను, తాతకు, తాత తరువాత మనుమనికి. రెండేండ్లకు, 1703 అక్టోబరు 28వ తేదీన, ఎనుబదియాఱేండ్ల వాలిస్ ఆక్స్‌ఫర్డులో మరణించెను; లేఖల కట్టలు, వానితోపాటు వేతనము, బ్లెంకో చేతికి వచ్చెను.